పాత కాపులు, నేటి కుర్రాళ్లు: నోటర్ డేమ్ పూర్వ విద్యార్థులు ప్రస్తుత జట్టుతో తలపడితే

అమెరికా విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్‌ను అభిమానించేవారి మధ్య, ఆటలు లేని నెలల్లో తరచుగా సాగే చర్చ ఒకటుంది. ఒక కాలేజీలో చదివి, ఆ తర్వాత వృత్తి క్రీడాకారులుగా స్థిరపడిన వారంతా మళ్లీ పాత రంగు చొక్కాలు తొడుక్కుని, అదే కాలేజీ ప్రస్తుత జట్టుతో తలపడితే గెలుపెవరిది అన్నదే ఆ చర్చ. వృత్తి ఆటగాళ్లే గెలుస్తారని చాలామంది ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ జవాబు తప్పని నేను అనను గానీ, ప్రశ్నే సగం అడిగినట్టుగా ఉందంటాను. ఏ పూర్వ విద్యార్థులు, ఎన్ని రోజుల సాధనతో, ఎవరి నిబంధనల ప్రకారం ఆడతారో చెప్పకుండా జవాబు చెప్పడం సాధ్యం కాదు. ఈ మూడింటిలోనూ సాధనకు దొరికే రోజుల సంఖ్యే ఫలితాన్ని ఎక్కువగా శాసిస్తుందని నా అభిప్రాయం. అదెలాగో చూపడానికి ఇండియానా రాష్ట్రంలోని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఈ ఊహకు దగ్గరగా వచ్చే ఆటలు అక్కడ నిజంగానే జరిగాయి కాబట్టి, మన అంచనాలను చరిత్రతో సరిపోల్చుకునే వీలుంది.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మన ఊళ్లలో కాళ్లతో ఆడే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత పట్టుకుని, నాలుగు ప్రయత్నాల్లో కనీసం 10 గజాలు ముందుకు తీసుకుపోవలసిన అమెరికన్ ఆట ఇది. ఒక్కో వైపు 11 మంది ఉంటారు. బంతి ఉన్న జట్టులో ముందు వరసన నిలబడే ఐదుగురు భారీకాయులను ఆఫెన్సివ్ లైన్ అంటారు. వారి వెనుక నిలబడి బంతిని అందుకుని, విసరడమా, పరుగెత్తేవాడికి అందించడమా అన్నది నిర్ణయించేవాడు క్వార్టర్‌బ్యాక్. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు చాలామంది శనివారం మధ్యాహ్నాలు ఈ ఆట చూస్తూ గడుపుతారు కనుక, ఈ పేర్లు తెలుగు ఇళ్లలో ఇప్పుడు అంత కొత్తవేమీ కావు.

నోటర్ డేమ్‌లో ఏటా వసంతకాలపు సాధన ముగిశాక ఒక ప్రదర్శన ఆట ఆడతారు. ఇప్పుడైతే ప్రస్తుత జట్టే రెండుగా చీలి తనలో తాను ఆడుకుంటుంది. కానీ 1960ల చివరి వరకు అది పాత కాపుల ఆటగానే సాగింది. ఒకవైపు ప్రస్తుత జట్టు, మరోవైపు పూర్వ విద్యార్థులు నిలిచేవారు. అంటే మనం ఊహ అనుకుంటున్నది దశాబ్దాల పాటు అక్కడ వాడుకలో ఉన్న సంగతే. అయితే ఆ పాత కాపుల్లో రకరకాల వయసులవారు, ఆట మానేసి ఉద్యోగాల్లో స్థిరపడినవారు కలిసి ఉండేవారు. ఆనాటి ఆటగాళ్ల దేహాలు కూడా వేరు. ఇప్పుడు ముందు వరసలో నిలబడే ఆటగాడి బరువు 140 కిలోలు దాటడం మామూలైంది. పదేళ్ల క్రితం ఆట మానేసిన మనిషిని అలాంటివాడి ఎదుట నిలబెట్టడం ప్రమాదకరం. అందుకే ఆ సంప్రదాయాన్ని ఇప్పుడు తిరిగి తేవాలని నేను కోరను.

1930 డిసెంబర్ 14న న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్‌లో జరిగిన ఆట ఇంకా ఎక్కువ నేర్పుతుంది. ఆర్థిక మాంద్యంలో ఉపాధి పోగొట్టుకున్న న్యూయార్క్ వాసుల సహాయ నిధి కోసం ఏర్పాటైన ఆట అది. నోటర్ డేమ్ శిక్షకుడు న్యూట్ రాక్నీ తన మాజీ ఆటగాళ్లను పోగుచేసి, ఆ ఏడాది వృత్తి లీగ్‌లో రెండో స్థానంలో నిలిచిన న్యూయార్క్ జెయింట్స్ మీదికి దింపాడు. రాక్నీ జట్టుకు ప్రధాన ఆకర్షణ ‘నలుగురు గుర్రపు రౌతులు’గా పేరు పొందిన హ్యారీ స్టూల్‌డ్రెహర్, జిమ్ క్రౌలీ, డాన్ మిల్లర్, ఎల్మర్ లేడెన్. అమెరికా సైనిక అకాడమీ జట్టైన ఆర్మీ మీద 13–7 గెలుపుతో వారికి ఆ పేరు తెచ్చిపెట్టిన 1924 నాటి ఆట కూడా అదే మైదానంలో జరిగింది. ఆ సీజన్‌లో నోటర్ డేమ్ ఒక్క ఆట కూడా ఓడలేదు. ఆరేళ్ల తర్వాత అదే నేల మీద జెయింట్స్ 22–0తో గెలిచారు. నోటర్ డేమ్ యోధులకు ఒక్క పాయింట్ కూడా దక్కలేదు.

ఆ ఓటమికి కారణం వారి ప్రతిభ సన్నగిల్లడమని అనుకుంటే పొరపాటు. నలుగురూ అప్పటికి ముప్పయ్యేళ్లలోపు వారే. కానీ వారంతా ఇతర కాలేజీల్లో శిక్షకులుగా మారిపోయారు. రోజూ ఆట గురించే ఆలోచిస్తున్నా, రోజూ దెబ్బలు తినే అలవాటు తప్పింది. రాక్నీకి వారిని కూడగట్టి సాధన చేయించడానికి కొన్ని రోజులే దొరికాయి. జెయింట్స్‌కేమో ఆ సీజన్ మొత్తం కలిసి ఆడిన అనుభవం ఉంది. ఒంటికి దెబ్బ అలవాటు, కలిసి ఆడిన అలవాటు అన్న ఈ రెండూ ఒకవైపే ఉన్నప్పుడు పేరు ప్రతిష్ఠలు ఎటూ పనికిరాలేదు. రాక్నీ శిక్షకుడిగా నడిపించిన చివరి ఆట కూడా అదే. 1931 మార్చి 31న కాన్సస్‌లో విమానం కూలి ఆయన మరణించాడు.

కాబట్టి ఆట మానేసిన పూర్వ విద్యార్థుల మాట పక్కన పెట్టి, నేడు వృత్తి లీగ్‌లో, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, ఆడుతున్నవారినే లెక్కలోకి తీసుకుందాం. వారి బలం ఎంతో తెలియాలంటే మరో పాత సంప్రదాయం వైపు చూడాలి. 1934 నుంచి 1976 వరకు షికాగోలో, లీగ్ విజేత జట్టుకూ దేశం నలుమూలల కాలేజీల నుంచి అప్పుడే బయటికి వచ్చిన ఉత్తమ ఆటగాళ్ల జట్టుకూ మధ్య ఒక ఆట జరిగేది. మొత్తం 42 ఆటల్లో వృత్తి జట్లు 31 గెలిచాయి, కాలేజీ జట్లు 9 గెలిచాయి, 2 సమంగా ముగిశాయి. కాలేజీవారి చివరి గెలుపు 1963లో, విన్స్ లొంబార్డీ శిక్షణలోని గ్రీన్ బే ప్యాకర్స్ మీద, 20–17తో దక్కింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా గెలవలేదు. ఆ జట్లు ఒకే కాలేజీకి చెందినవి కావన్నది మరిచిపోకూడదు. దేశమంతటి నుంచి ఏరికూర్చిన మేటి ఆటగాళ్ల పరిస్థితే అది. ఒక కాలేజీ జట్టులో, అదెంత గొప్పదైనా, వృత్తి స్థాయికి చేరేవారు కొద్దిమందే ఉంటారు. ఎన్‌ఎఫ్‌ఎల్ క్లబ్బులు కాలేజీ ఆటగాళ్లను ఏటా వంతులవారీగా ఎంచుకునే పద్ధతిని డ్రాఫ్ట్ అంటారు. అది ఏడు విడతలుగా మారినప్పటి నుంచి ఒకే ఏడాది ఒక కాలేజీ నుంచి ఎక్కువమంది ఎంపికైన సందర్భం 2022 నాటి జార్జియా జట్టుది. అప్పుడు కూడా ఎంపికైనవారు 15 మందే.

ఇక నోటర్ డేమ్ పూర్వ విద్యార్థుల జట్టును కాగితం మీద కూర్చి చూస్తే, ముందు వరసే మన దృష్టిని కట్టిపడేస్తుంది. ఆ ఐదుగురిలో రెండు చివరలవారు టాకిల్‌లు, వారి లోపలివారు గార్డ్‌లు, నడిమివాడు సెంటర్. ఎడమ టాకిల్‌గా బాల్టిమోర్ రేవెన్స్‌కు ఆడిన రానీ స్టాన్లీ, అతని పక్కన ఎడమ గార్డ్‌గా ఇండియానాపొలిస్ కోల్ట్స్ ఆటగాడు క్వెంటన్ నెల్సన్, మధ్యలో సెంటర్‌గా రాబర్ట్ హెయిన్సీ, కుడి గార్డ్‌గా ఆరన్ బ్యాంక్స్, కుడి టాకిల్‌గా లాస్ ఏంజెలిస్ చార్జర్స్ 2024 డ్రాఫ్ట్‌లో ఐదో స్థానంలో ఎంచుకున్న జో ఆల్ట్ నిలబడతారు. స్టాన్లీ 2016లో, నెల్సన్ 2018లో, ఇద్దరూ ఆరో స్థానంలోనే ఎంపికయ్యారు. 2018లోనే తొమ్మిదో స్థానంలో ఎంపికైన మైక్ మెగ్లించీకి ఈ వరసలో చోటు దొరక్క బయట కూర్చోవాలంటే, ఆ కాలేజీ ఎలాంటి లైన్‌మన్లను తయారుచేసిందో అర్థమవుతుంది. నెల్సన్ బరువే 150 కిలోల దగ్గర ఉంటుంది.

వారి ఎదుట నిలబడేది 18 నుంచి 23 ఏళ్ల కుర్రాళ్లు. ఆ వయసులో ఒక్కో ఏడాదీ దేహంలో తెచ్చే మార్పు చాలా పెద్దది. 2024 ఆగస్టు 31న టెక్సస్ ఎ అండ్ ఎం మీద సీజన్ మొదటి ఆటలో నోటర్ డేమ్ తన ఎడమ టాకిల్ స్థానంలో, ఆ ఏడాదే కాలేజీలో చేరిన కుర్రాణ్ని నిలబెట్టింది. ఆ ఆటను 23–13తో గెలిచింది కూడా. ఆ సాహసం, ఆ కుర్రాడు నిలదొక్కుకున్న తీరు నాకు ఎంతో గౌరవం కలిగించాయి. అయినా అలాంటి వయసు ఆటగాణ్ని ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నాలుగైదేళ్లు నలిగిన మనిషి ఎదుట నిలబెడితే, అరవై ఎత్తుల, అంటే బంతి కదిలి ఆగే అరవై ప్రయత్నాల, ఆటలో పదో పదిహేనో ఎత్తుల్లో కుర్రాడు గెలవవచ్చు, మిగతావన్నీ ఓడతాడు. లైన్ దగ్గర నెమ్మదిగా పేరుకునే ఆ తేడాయే నాలుగు క్వార్టర్ల ఆటలో మూడో క్వార్టర్ నాటికి స్కోరుబోర్డు మీద కనిపిస్తుంది.

అయితే ఈ గొప్ప వరస వెనుక నిలబడి బంతిని విసిరేదెవరు? నోటర్ డేమ్ పూర్వ విద్యార్థుల జట్టుకు అసలు లోటు ఇక్కడే ఉంది. ఎన్‌ఎఫ్‌ఎల్ విజేతను తేల్చే సూపర్ బౌల్‌ను నాలుగుసార్లు గెలిచిన జో మోంటానా ఆ కాలేజీవాడే గానీ, ఆయన 1979లో ఎంపికైన తరం వాడు. గడచిన పదిహేనేళ్లలో అక్కడి నుంచి వెళ్లిన క్వార్టర్‌బ్యాక్‌లలో ఒక్కరు కూడా లీగ్‌లో ఒక జట్టుకు ఏళ్ల తరబడి నాయకత్వం వహించేంతగా స్థిరపడలేదు. ఇప్పుడున్నవారిలో నేనైతే రైలీ లెనర్డ్‌ను ఎంచుకుంటాను. 2024 సీజన్‌లో జాతీయ విజేతను తేల్చే ఆట దాకా జట్టును నడిపించి, 2025 జనవరి 20న ఒహాయో స్టేట్ చేతిలో 34–23తో ఓడిన తర్వాత, అతను ఆరో విడతలో కోల్ట్స్‌కు వెళ్లాడు. విసిరే చేయి మేటిది కాకపోయినా, ప్రస్తుత జట్టు శిక్షకుడు మార్కస్ ఫ్రీమన్ ఆలోచనా విధానం అతనికి లోపలి నుంచి తెలుసు. ఇలాంటి ఆటలో చేతి బలం కంటే ఆ తెలివిడే ఎక్కువ అక్కరకు వస్తుందని నా లెక్క. అతని వెనుక, బంతి అందుకుని పరుగెత్తేవాడిగా, లాస్ ఏంజెలిస్ రాంస్ ఆటగాడు కైరెన్ విలియమ్స్ ఉంటాడు. వెనుక కాపలాగా సేఫ్టీ స్థానాల్లో కైల్ హామిల్టన్, హారిసన్ స్మిత్ లాంటివారు ఉన్నారు కనుక, ప్రస్తుత జట్టు దూరపు పాసులతో పాయింట్లు సంపాదించడం తేలిక కాదు.

కూర్పు సంగతి ఇలా ఉంటే, వీరంతా కలిసి ఆడగలరా అన్నది దానికంటే చిక్కు ప్రశ్న. కర్ణాటక సంగీత కచేరీలో గాయకుడు, వయొలిన్ విద్వాంసుడు, మృదంగ విద్వాంసుడు వేదిక మీదే మొదటిసారి కలుసుకున్నా కచేరీ రక్తి కడుతుంది. ముగ్గురికీ తాళం ఒకటే, రాగ లక్షణం ఒకటే. ఈ ఆటలో అది కుదరదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ప్రతి జట్టుకూ తనదైన సంకేత భాష ఉంటుంది. ఒకే ఎత్తుగడను బాల్టిమోర్‌లో ఒక పేరుతో, లాస్ ఏంజెలిస్‌లో మరో పేరుతో పిలుస్తారు. ఒక జట్టులో ఎడమకు జరగమని చెప్పే మాట మరో జట్టులో కుడికి జరగమని అర్థం ఇవ్వవచ్చు.

ఒక్క ఎత్తును దగ్గరగా చూద్దాం. మూడో ప్రయత్నం, ఇంకా 7 గజాలు కావాలి. బంతి ఎడమ గీత దగ్గర ఉంది. నోటర్ డేమ్ మైదానంలో 77,000 మందికి పైగా కేకలు వేస్తుంటే పక్కవాడి మాట కూడా సరిగా వినబడదు. కాలేజీ జట్టు ఆరుగురిని లైన్ మీదికి తెచ్చి నిలబెడుతుంది. వారిలో దూసుకువచ్చేది ఎందరో, వెనక్కి తగ్గేది ఎందరో ముందుగా తెలియదు. సెంటర్ హెయిన్సీ ఒక్క చూపులో అంచనా కట్టి, వరస ఎటు జరగాలో ఒక మాటతో చెప్పాలి. ఆ మాటను నెల్సన్ ఒక విధంగా, స్టాన్లీ మరో విధంగా అర్థం చేసుకుంటే, ఇద్దరూ లోపలివాడి మీదికే వెళ్తారు, బయటివాడు అడ్డులేకుండా వస్తాడు. రెండు క్షణాలు దాటేసరికి లెనర్డ్ నేల మీద ఉంటాడు. ఆ బయటివాణ్ని చివరి క్షణంలో చూసి అడ్డుకునే పని కైరెన్ విలియమ్స్ మీద పడుతుంది. ఆ పనిలో అతను దిట్ట గానీ, ఆట మొత్తం ఒకడి చురుకుదనం మీద నెట్టుకురావడం కుదరదు. ఐదుగురిలో ఏ ఒక్కరి ప్రతిభా ఇక్కడ తగ్గలేదు. ఒక్క మాట విషయంలో ఒప్పందం లేకపోవడమే బంతిని పోగొట్టింది.

ఈ వాదనను బలహీనపరిచే సంగతి ఒకటి నోటర్ డేమ్ విషయంలో ఉంది. నాకు అన్నింటికంటే ఆసక్తి కలిగించేది అదే. ఆ లైన్‌మన్లలో అధికులు హ్యారీ హీస్టాండ్ అనే ఒకే శిక్షకుడి దగ్గర పని నేర్చారు. ఆయన 2012 నుంచి 2017 వరకు అక్కడ లైన్ శిక్షకుడిగా ఉన్నాడు, మళ్లీ 2022లో ఒక సీజన్ పనిచేశాడు. స్టాన్లీ, నెల్సన్, మెగ్లించీ ఆయన మొదటి విడత శిష్యులు. హెయిన్సీ, బ్యాంక్స్ కాలేజీలో చేరిన ఏడాది ఆయన అక్కడే ఉన్నాడు. ఆల్ట్ ఆయనకు రెండో విడతలో దొరికాడు. పైగా 2015లో స్టాన్లీ, నెల్సన్ ఎడమ వైపున పక్కపక్కనే నిలబడి ఆడారు. అడుగు ఎలా వేయాలి, చేతులు ఎక్కడ పెట్టాలి, పక్కవాడికి ఎదుటివాణ్ని ఎప్పుడు అప్పగించాలి అన్న ప్రాథమిక పద్ధతుల్లో వీరి మధ్య ఉమ్మడి పునాది ఉంది. అందువల్ల వేరే కాలేజీ పూర్వ విద్యార్థులకు మూడు వారాలు పట్టే సమన్వయం వీరికి పది రోజుల్లో కుదరవచ్చునని నా అంచనా.

నిబంధనల తేడాలు కూడా ఫలితాన్ని కొంత కదిలిస్తాయి. మైదానం వెడల్పు రెండు చోట్లా 160 అడుగులే. కానీ బంతిని పెట్టే అడ్డగీతల మధ్య దూరం కాలేజీ ఆటలో 40 అడుగులు, వృత్తి ఆటలో పద్దెనిమిదిన్నర అడుగులే. కాలేజీ మైదానంలో బంతి ఒక గీత మీద ఉంటే ఒక పక్క 60 అడుగులు, మరో పక్క 100 అడుగుల ఖాళీ ఉంటుంది. వృత్తి మైదానంలో ఆ లెక్క సుమారు 71, 89 అడుగులు. ఆ 100 అడుగుల ఖాళీని వాడుకునేలా ఎత్తుగడలు వేయడం కాలేజీ జట్టుకు రోజువారీ పని. దాన్ని కాపాడడం వృత్తి ఆటగాళ్లకు అలవాటు తప్పిన పని. పాస్ విసిరే ముందు లైన్‌మన్లు కాలేజీ ఆటలో 3 గజాల దాకా ముందుకు వెళ్లవచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక గజమే వెళ్లనిస్తారు. పరుగులా మొదలై పాస్‌గా మారే ఎత్తులు కాలేజీల్లో అంతగా విస్తరించడానికి ఈ వెసులుబాటు ఒక కారణం. కింద పడితే ఎవరూ తాకకపోయినా కాలేజీలో ఆ ఎత్తు అక్కడితో ముగుస్తుంది. లేచి పరుగెత్తబోయే వృత్తి ఆటగాడు ఈ చిన్న సంగతితో ఒకటి రెండు సార్లు దెబ్బతింటాడు. ఇవన్నీ కలిపినా ఒక టచ్‌డౌన్, అంటే బంతిని చివరి గీత దాటించి తెచ్చుకునే పాయింట్ల, తేడాకు మించవని నేను అనుకుంటున్నాను.

ఒక్క ఆట ఫలితం ఎంత చంచలమో కూడా చెప్పాలి. టెక్సస్ ఎ అండ్ ఎంను ఓడించిన వారానికే, 2024 సెప్టెంబర్ 7న, నోటర్ డేమ్ సొంత మైదానంలో నార్తర్న్ ఇల్లినాయ్ చేతిలో 16–14తో ఓడిపోయింది. కాగితం మీద ఆ రెండు జట్లకూ పోలికే లేదు. ఆ ఓటమి తర్వాత అదే నోటర్ డేమ్ జాతీయ విజేతను తేల్చే ఆట దాకా వెళ్లింది. అందుచేత ఈ ఊహాత్మక ఆట గురించి ఎవరు చెప్పినా, సంభావ్యతల భాషలోనే చెప్పాలి.

ఆ భాషలో నా తీర్పు ఇది. పూర్వ విద్యార్థులు శుక్రవారం రాత్రి విమానం దిగి శనివారం ఆడితే, సీజన్ మధ్యలో ఉన్న ప్రస్తుత జట్టుకు సగానికి సగం అవకాశం ఉంటుంది. మొదటి సగంలో కుర్రాళ్లే ముందంజలో ఉన్నా నేను ఆశ్చర్యపోను. పది రోజుల సాధన దొరికితే లైన్ కుదురుకుంటుంది, విలియమ్స్ పరుగులతోనే గడియారం కరిగిపోతుంది, క్వార్టర్‌బ్యాక్ లోటు కప్పబడుతుంది. అప్పుడు పది ఆటలాడితే ఎనిమిది పూర్వ విద్యార్థులవే. నెల రోజుల శిబిరం దొరికితే అది పోటీగా మిగలదు. 1930లో రాక్నీకి అందనిది, నేటి వృత్తి ఆటగాళ్లకు ముందే ఉన్నది దెబ్బకు అలవాటుపడిన దేహం. లేనిదల్లా కలిసి గడిపే కాలమే.

ఆ కాలం మాత్రం నిజ జీవితంలో దొరికే దారి లేదు. కాలేజీ, వృత్తి సీజన్లు రెండూ శరత్కాలంలోనే నడుస్తాయి. రెండు పక్షాలకూ ఖాళీ దొరికేది వసంతంలోనే. అప్పుడు వృత్తి ఆటగాళ్లు గాయాలు మాన్పుకుంటూ ఉంటారు. దానికి మించి, ఎన్‌ఎఫ్‌ఎల్ ప్రామాణిక ఒప్పందం ప్రకారం ఆటగాడు తన క్లబ్బు కోసం తప్ప మరెవరి కోసమూ ఫుట్‌బాల్ ఆడకూడదు. షికాగో ఆట ఆగిపోవడం వెనుక కూడా ఇలాంటి భయమే ఉంది. కొత్తగా ఎంచుకున్న ఆటగాళ్లు అక్కడ గాయపడతారేమోనన్న ఆందోళన క్లబ్బుల్లో పెరిగింది, బీమా ఖర్చు భారమైంది. 1976లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ 24–0తో ముందున్నప్పుడు కుండపోత వాన కురిసి, ప్రేక్షకులు మైదానంలోకి చొచ్చుకురావడంతో నిలిచిపోయిన ఆటే ఆ సంప్రదాయంలో చివరిది.

నడుముకు కట్టిన పట్టీ లాగితే చాలు, ఎత్తు ముగిసే ఫ్లాగ్ ఫుట్‌బాల్ రూపంలో ఇలాంటి ఆటలు కొన్ని విశ్వవిద్యాలయాల్లో పూర్వ విద్యార్థుల మధ్య జరుగుతున్నాయి. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఉంది కనుక, అందులో ఆడేందుకు తమ ఆటగాళ్లను అనుమతించాలని ఎన్‌ఎఫ్‌ఎల్ యజమానులు 2025 మేలో తీర్మానించారు. ఒక్కో దేశపు జట్టుకు ఒక్కో క్లబ్బు నుంచి ఒక్కరే వెళ్లాలన్న పరిమితి కూడా పెట్టారు. ఒప్పందంలోని నిషేధం ఎప్పటికీ సడలనిది కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. కానీ ఆ ఆటలో లైన్ ఉండదు, మనిషిని మనిషి నెట్టడం ఉండదు. స్టాన్లీ, నెల్సన్ పక్కపక్కన నిలబడితే ఎదుటి కుర్రాళ్లు ఎన్ని ఎత్తులు తట్టుకోగలరన్న ప్రశ్నకు అక్కడ జవాబు దొరకదు.